డ్యూటీ దిగాక ఎవరితో చెప్పుకోవాలి?

చైనాలోని హునాన్ రాష్ట్ర రాజధాని చాంగ్షాలో రెండో షియాంగ్యా ఆసుపత్రి అని ఒక పెద్దాసుపత్రి ఉంది. 2020 ఆరంభంలో కొవిడ్ విరుచుకుపడ్డప్పుడు అక్కడి యాజమాన్యం తన సిబ్బంది మనసు గురించి కూడా ఆలోచించింది. మానసిక నిపుణులతో బృందం వేసింది. ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది, ఫోన్ లైను తెరిచింది, నలుగురూ కలిసి కూర్చుని ఒత్తిడి దించుకునే కార్యక్రమాలు ఏర్పాటు చేసింది. తీరా చూస్తే వాటికి రావడానికి సిబ్బంది ఇష్టపడలేదు. నర్సులు చిరాకు పడుతున్నారు, విశ్రాంతి తీసుకోమన్నా తీసుకోవడం లేదు, లోపల ఏదో నలుగుతోందని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది. అడిగితే మాత్రం మాకేం ఇబ్బంది లేదంటున్నారు.

చివరికి 13 మందితో అరగంట చొప్పున మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. తమకు జబ్బు అంటుకుంటుందన్నది వాళ్ల మొదటి బెంగ కాదు. దాన్ని ఇంటికి మోసుకెళ్తామేమోనని, ఇంట్లోవాళ్లు తమ గురించి దిగులు పడతారేమోనని బెంగ. ఐసొలేషన్‌లో ఉండనని మొండికేసే రోగితో ఎలా మాట్లాడాలో తెలియడం లేదు. రక్షణ దుస్తులు సరిపోతాయో లేదో తెలియదు. చాలామంది చెప్పింది ఇది: మాకు సైకాలజిస్టు అక్కర్లేదు, ఎవరూ లేపకుండా కాసేపు పడుకోనివ్వండి, సరిపడా మాస్కులూ గౌన్లూ ఇవ్వండి. ఆసుపత్రి తన పద్ధతి మార్చుకుంది. పడుకోవడానికి చోటిచ్చింది, తిండికి లోటు లేకుండా చూసింది, వార్డులో తమ రోజు ఎలా గడుస్తోందో వీడియో తీసి ఇంటికి పంపుకునే వీలు కల్పించింది. కౌన్సెలర్లను సిబ్బంది విశ్రాంతి తీసుకునే చోటికే పంపింది. వాళ్లు అక్కడే కూర్చుని, చెప్పినవాళ్లు చెప్పింది విన్నారు. ఈ అనుభవం అదే ఏడాది లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అచ్చయింది.

ఆసుపత్రి ఉద్యోగుల మానసిక ఆరోగ్యం మీద ఏ పథకం వేసేవాళ్లయినా ముందు ఈ ఉదంతం చదవాలని నా కోరిక. ఇందులో రెండు సంగతులున్నాయి. నిద్ర, తిండి, భద్రత లేనిచోట ఓదార్పు మాటలు చెవికెక్కవు. రెండోది, సాయం తలుపు తెరిచి కూర్చుంటే ఈ వృత్తివాళ్లు ఆ తలుపు దాకా రారు. సాయమే వాళ్లున్న చోటికి రావాలి. ఆ వచ్చేది తమ పని తెలిసిన మనిషైతే నోరు విప్పుతారు. ప్రపంచంలో చాలా ఆసుపత్రులు పీర్ సపోర్ట్ అనే పేరుతో నడుపుతున్న ఏర్పాటుకు మూలం ఈ ఆలోచనే. తోటి నర్సుకు నర్సు, తోటి డాక్టరుకు డాక్టరు, తోటి ఆయాకు ఆయా ఆసరాగా నిలవడం. ఇది సహజంగా జరిగేదే కదా, దీనికో ఏర్పాటెందుకు అనిపించవచ్చు. సహజంగా జరగనందువల్లే ఏర్పాటు కావలసి వచ్చింది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు డాక్టర్లను ఒక ప్రశ్న అడిగారు: మనసుకు కష్టం కలిగించే సంఘటన జరిగితే ఎవరి సాయం తీసుకుంటారు? 2012లో అచ్చయిన ఆ సర్వేలో 88 శాతం మంది తోటి డాక్టరు దగ్గరికి వెళ్తామన్నారు. మానసిక నిపుణుల దగ్గరికి వెళ్తామన్నది 48 శాతమే. ఉద్యోగుల కోసం సంస్థ పెట్టిన కౌన్సెలింగ్ సేవను వాడుకుంటామన్నవాళ్లు 29 శాతం. అడ్డేమిటని అడిగితే టైము లేకపోవడం అన్నిటికన్నా ముందుంది. ఆ వెనకే చెప్పింది బయటికి పొక్కుతుందేమోనన్న అనుమానం, ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనన్న భయం, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు. ఈ అడ్డంకుల జాబితాను మన జిల్లా ఆసుపత్రి నర్సింగ్ స్టేషన్‌లో చదివి వినిపించినా ఎవరూ కాదనరు.

ఆసుపత్రి పనిలో అలసట వేరు, గాయం వేరు. ఏళ్ల తరబడి పేరుకునే అలసట గురించి అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ చేసిన పని ప్రసిద్ధం. లోపల ఏమీ మిగలనట్టు ఉండటం, రోగిని మనిషిగా కాక బెడ్ నంబరుగా చూడటం మొదలవడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం ఆ స్థితి లక్షణాలని ఆమె చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక పనిచోటుకు సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. గాయం అలా కాదు. అది ఒక్క రాత్రిలో తగులుతుంది. నిన్నటిదాకా నవ్వుతూ మాట్లాడిన రోగి చేతుల్లో పోవడం, మందు మోతాదు తప్పడం, ప్రసవంలో తల్లి దక్కకపోవడం, బంధువులు కాలర్ పట్టుకోవడం. ఆ రాత్రి కూడా బెడ్ కడిగి ఇంకో రోగిని చేర్చుకోవాలి. కేస్ షీట్ పూర్తి చేయాలి. పక్క బెడ్‌కు ఇంజక్షన్ వేళ దాటకూడదు.

ఈ గాయానికి వైద్యలోకంలో చోటు కల్పించినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డాక్టర్ ఆల్బర్ట్ వూ గురించి. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన చిన్న వ్యాసం రాశారు. తాను హౌస్ ఆఫీసరుగా ఉన్న రోజుల్లో తోటి రెసిడెంట్ ఒకరు ఈసీజీలో ప్రమాద సూచనను గుర్తించలేకపోయారు. వార్త క్షణాల్లో ఆసుపత్రంతా పాకింది. తోటివాళ్లే జడ్జీలై ఆ మనిషి చేతకానివాడని తేల్చేశారు. ఒక్కరూ జాలి చూపలేదు. అదే తప్పు తానూ చేసి ఉండేవాణ్నేమోనని వూకు లోలోపల అనిపించింది. పొరపాటు వల్ల మొదట దెబ్బతినేది రోగి, ఆ తర్వాత ఆ పొరపాటు చేసిన చేతులు కూడా దెబ్బతింటాయి, వాళ్లను పట్టించుకునేవాళ్లు లేరన్నది ఆయన వాదన. దాన్ని రోగుల కుటుంబాలు అందరూ ఒప్పుకోలేదు. ఆసుపత్రి పొరపాట్ల వల్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, డాక్టర్లను కూడా బాధితులనడం తమ బాధను పలచన చేస్తుందని 2019లో అదే పత్రికలో అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. సిబ్బందికి ఆసరా ఇవ్వడమంటే రోగి కుటుంబానికి నిజం చెప్పడం మానేయడం కాదు. నిజానికి తానే కూలిపోయి ఉన్న డాక్టరు ఆ కుటుంబం ఎదుట నిలబడి నిజం చెప్పలేడు.

మిస్సోరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో సుసాన్ స్కాట్ అనే నర్సు, ఆమె సహచరులు ఇలాంటి అనుభవం ఉన్న 31 మందితో విడివిడిగా మాట్లాడారు. వాళ్ల కథలు వేరైనా నడిచిన దారి ఒకటే. మొదట గందరగోళం, ఆ తర్వాత జరిగిందే పదే పదే కళ్ల ముందు తిరగడం. అలా కాక ఇలా చేసి ఉంటే అనుకుంటూ నిద్ర పట్టకపోవడం. ఆపై వార్డులో నా మీద నమ్మకం పోయిందా, వీళ్లు నన్ను ఎలా చూస్తున్నారు అన్న ఆరాటం. తర్వాత విచారణ కమిటీ, ప్రశ్నలు. ఎక్కడో ఒక దగ్గర ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవడం. చివరికి దారులు మూడు: ఉద్యోగమో ఆ విభాగమో వదిలేయడం, పైకి మామూలుగా కనిపిస్తూ లోపల నలుగుతూ బతకడం, లేదా ఆ అనుభవం నుంచి ఏదో నేర్చుకుని నిలదొక్కుకోవడం. మూడో దారి పట్టేవాళ్లను పెంచడానికి ఆ సంస్థ 2009లో తోటివారి ఆసరా బృందాన్ని మొదలుపెట్టింది.

జాన్స్ హాప్కిన్స్‌లో అదే పని రైజ్ అనే పేరుతో 2011లో పిల్లల విభాగంలో మొదలైంది. అదే ఆసుపత్రిలో 2001లో జోసీ కింగ్ అనే ఏడాదిన్నర పాప చనిపోయింది. కాలిన గాయాలకు చికిత్స పొంది కోలుకుంటున్న పాప, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇవ్వకూడని మత్తుమందు ఇవ్వడం వల్ల ప్రాణం కోల్పోయింది. ఆమె తల్లి సోరెల్ కింగ్ ఆ తర్వాత రోగుల భద్రత కోసం దేశమంతా తిరిగి మాట్లాడింది. ఆ మరణం హాప్కిన్స్‌ను రోగి భద్రత గురించి కొత్తగా ఆలోచించేలా చేసింది. సిబ్బంది గాయం గురించిన ఆలోచన కూడా ఆ వాతావరణంలోనే పెరిగింది.

రైజ్ పనిచేసే తీరు సులువు. రాత్రయినా పగలైనా ఒక నంబరుకు పిలుపు పంపవచ్చు. డ్యూటీలో ఉన్న ఆసరా సభ్యులు అరగంటలోపు తిరిగి ఫోన్ చేస్తారు. తర్వాత ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ సభ్యులు మానసిక వైద్యులు కానక్కర్లేదు. నర్సులు, డాక్టర్లు, సోషల్ వర్కర్లు, మతాచార్యులు ఉంటారు. వీళ్లకు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తారు. పిలిచినవాళ్ల పేరు రాసుకోరు, ఏం జరిగిందో నివేదిక పంపరు, విచారణతో ఏ సంబంధమూ పెట్టుకోరు. మాట్లాడి వచ్చిన సభ్యుడు తన బృందంలోని మిగతావాళ్లతో కూర్చుని తన బరువు కూడా దించుకుంటాడు. పిలుపుల్లో పొరపాట్లకు సంబంధించినవి తక్కువే. ఎక్కువగా రోగి మరణాలు, చూసి తట్టుకోలేని కేసులు, కోపంతో రెచ్చిపోయిన బంధువులు.

ఇంతకీ ఆ కూర్చుని మాట్లాడుకోవడంలో ఏముంటుంది? ఇక్కడ కాస్త ఆగాలి. మంచి మనసుంటే చాలుననుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఒక బోధనాసుపత్రి పిల్లల ఐసీయూ అనుకుందాం. నైట్ డ్యూటీలో ఒక బాబు పోయాడు. తెల్లారాక స్టాఫ్ నర్సు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఉంది, ఇంటికి వెళ్లడం లేదు. ఇంకో వార్డు సీనియర్ సిస్టర్ వచ్చింది. మన అలవాటు ప్రకారం ఆమె నోటి వెంట వచ్చే మాటలు మనకు తెలిసినవే: "ఏడవకు, ఇవన్నీ మామూలే, అలవాటవుతాయి." "నీ తప్పేం లేదులే." "మా రోజుల్లో ఇంతకన్నా ఘోరాలు చూశాం." ప్రేమతోనే అన్నా ప్రతి మాటా ఎదుటి మనిషి నోరు మూయిస్తుంది. అలవాటవుతుందన్న మాటలో, ఇంకా అలవాటు కాలేదంటే నీలోనే లోపముందన్న అర్థం ధ్వనిస్తుంది. తప్పు లేదన్న మాట విన్న మనిషికి, ఈమెకు విషయం తెలియదు కదా అనిపిస్తుంది. మా రోజుల్లో అని మొదలుపెడితే అది మన కథ అవుతుంది, వినాల్సింది ఆమె కథ.

శిక్షణ పొందిన మనిషి వేరుగా నడుచుకుంటుంది. పక్కన కూర్చుంటుంది. "రాత్రంతా నిలబడే ఉన్నావటగా, టీ తాగావా?" అంటుంది. అమ్మాయి, "అక్కా, నేను ఇంకో పది నిమిషాల ముందు సార్‌ను పిలిచి ఉంటే" అని ఆగిపోతుంది. సీనియర్ దాన్ని ఖండించదు, సమర్థించదు. "ఆ పది నిమిషాలే తిరుగుతున్నాయన్నమాట నీ బుర్రలో" అంటుంది. అంటే నేను విన్నాను అని తెలియజేస్తుంది. తర్వాత ఆ అమ్మాయి ఎంత కుంగిందో నెమ్మదిగా అంచనా వేస్తుంది. తిన్నదా, ఇంట్లో ఎవరున్నారు, ఒంటరిగా ఉంటుందా, రాత్రికి మళ్లీ డ్యూటీ ఉందా, బతకాలని లేదన్న ఆలోచన ఏమైనా వస్తోందా. చివరి ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయం. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు దొరికినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత చేతనైన ఒక పని చేస్తుంది: ఇంటికి ఫోన్ కలపడమో, ఆటో ఎక్కించడమో, రాత్రి డ్యూటీ మార్చమని ఇన్‌చార్జిని అడగడమో. చివర్లో "రేపు సాయంత్రం నేనే ఫోన్ చేస్తా" అని చెప్పి వెళ్తుంది, చెప్పినట్టే చేస్తుంది. ఇదీ వరుస: మాట వినడం, స్థితి అంచనా వేయడం, ముందు ఏది అవసరమో చూడడం, చేయగలిగింది చేయడం, తర్వాతి మెట్టు చూపడం. హాప్కిన్స్‌లో జార్జ్ ఎవర్లీ అనే మనస్తత్వవేత్త రూపొందించిన శిక్షణలోని వరుస కూడా ఇదే.

ఈ సంభాషణలో జరగని పని ఒకటుంది. ఏం జరిగిందో మొదటి నుంచి పూసగుచ్చినట్టు చెప్పమని ఆమె అడగలేదు. దీనికి గట్టి కారణం ఉంది. 1980లలో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్స్ సిబ్బంది కోసం ఒక పద్ధతి తెచ్చారు. ఘోరమైన సంఘటన జరిగిన వెంటనే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, చూసింది, అనిపించింది అంతా చెప్పించడం. వినడానికి బాగుంది, లోకమంతా పాకింది. తర్వాత పరిశోధనలు వేరే మాట చెప్పాయి. ఇంగ్లండ్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్లకు ఒకసారి ఇలా చెప్పించి, మూడేళ్ల తర్వాత చూస్తే, మొదట్లో బాగా కుంగినవాళ్లలో చెప్పించుకున్నవాళ్లే ఇంకా ఎక్కువ బాధలో ఉన్నారు. 2005లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ ఈ ఒక్కసారి చెప్పించే పద్ధతిని మామూలుగా వాడొద్దని స్పష్టంగా చెప్పింది. ఇప్పటికీ కొన్ని ఆసుపత్రుల్లో ఏదైనా జరిగితే మర్నాడు పొద్దున అందరినీ సెమినార్ హాల్లోకి పిలిచి, మైకిచ్చి, మీ మనసులో ఉన్నది చెప్పండి అంటారు. మంచి ఉద్దేశమే కావచ్చు. మానేయాల్సిన పని.

మరి గుంపుగా కూర్చోవడం ఎప్పుడూ పనికిరాదా? పనికొస్తుంది, తాజా గాయం మీద కాకపోతే. కెన్నెత్ షువార్ట్జ్ బోస్టన్‌లో లాయరు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1995లో చనిపోయారు. మందులతో పాటు నర్సులూ డాక్టర్లూ చూపిన చిన్న చిన్న మానవీయ చేష్టలు తనను ఎలా నిలబెట్టాయో చివరి రోజుల్లో రాశారు. ఆయన పేరుతో ఏర్పడిన సంస్థ ఆసుపత్రుల్లో షువార్ట్జ్ రౌండ్లను మొదలుపెట్టింది. నెలకోసారి ఒక గంట, ముగ్గురు నలుగురు సిబ్బంది ఒక కేసు తమకు ఎలా అనిపించిందో చెబుతారు. చికిత్స సరైనదా కాదా అన్న చర్చ ఉండదు. డాక్టరు పక్కనే స్ట్రెచర్ తోసే మనిషి కూర్చుంటాడు. ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనంలో క్రమం తప్పకుండా వచ్చినవాళ్లలో మానసికంగా బాగాలేనివాళ్లు 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. రానివాళ్లలో 37 నుంచి 34కు మాత్రమే. వచ్చేవాళ్లు మొదటి నుంచే కాస్త మెరుగ్గా ఉన్నారన్నది ఆ అంకెల్లోనే ఉంది కాబట్టి పూర్తి ఘనత రౌండ్లకే ఇవ్వలేం. అయినా తేడా చిన్నది కాదు.

స్కాట్ బృందం అంచనా ప్రకారం గాయపడినవాళ్లలో దాదాపు 60 శాతానికి వార్డులోనే పక్కనున్నవాళ్ల మంచి మాట, ఇన్‌చార్జి పలకరింపు చాలు. 30 శాతానికి శిక్షణ పొందిన ఆసరా సభ్యులు కావాలి. మిగిలిన 10 శాతాన్ని ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి చేర్చాలి. అంటే తోటివారి ఆసరా వైద్యానికి బదులు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోవడం, ఆ వార్డు మెట్లెక్కితేనే గుండె దడ, మందు బీరువా తాళాలు దగ్గరున్న మనిషి మత్తుమందుల వైపు చూడటం, చనిపోవాలనిపించడం, ఇవి తోటి నర్సు మోయగల బరువులు కావు. ఇలాంటప్పుడు దారి చూపడమే ఆసరా సభ్యుల పని. మన దేశంలో 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ ఒక దారి. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మన ఆసుపత్రులు. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఇచ్చిన నివేదికలో ఒక అంకె నన్ను వదలడం లేదు. సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీ విద్యార్థుల్లో 31 శాతం మందికి చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయి. ఎంబీబీఎస్ విద్యార్థుల్లో అది 16 శాతం. వార్డు బాధ్యత భుజానికెత్తుకున్నాక దాదాపు రెట్టింపు అయిందన్నమాట. పీజీ విద్యార్థి రాత్రి తన బాధ చెప్పుకోవడానికి ఎవరున్నారు? హాస్టల్ రూమ్మేట్. అతనూ అదే డ్యూటీలో నలుగుతున్నవాడే. పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆపైన యూనిట్ చీఫ్. వాళ్లు ఎంత మంచివాళ్లయినా థీసిస్ మీద సంతకం వాళ్లదే, ప్రాక్టికల్ పరీక్ష మార్కులూ వాళ్ల చేతిలోనే. అందుకే మన దగ్గర ఆసరా బృందం వేసేటప్పుడు తప్పనిసరిగా పాటించాల్సిన నియమం ఒకటుందని నా అభిప్రాయం. ఎవరి హాజరు, సెలవు, మార్కులు, కాంట్రాక్టు పొడిగింపు ఎవరి చేతిలో ఉన్నాయో, వాళ్లు వీళ్లకు ఆసరా సభ్యులు కాకూడదు. వేరే యూనిట్ మనిషి, వేరే అంతస్తు మనిషి కావాలి. హెడ్ నర్సు తన వార్డు పిల్లల్ని ప్రేమగా చూసుకోవచ్చు. అది మంచి హెడ్ నర్సు లక్షణం. ఈ ఏర్పాటు మాత్రం దానికి వేరుగా ఉండాలి.

తోటివారు అన్నప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, రోగుల్ని స్ట్రెచర్ మీద తోసేవాళ్లు చాలాచోట్ల ఏజెన్సీ మనుషులు. ఆసుపత్రి జీతాల పట్టీలో వాళ్ల పేర్లుండవు. కొవిడ్ రోజుల్లో శవాల్ని బ్యాగుల్లో చుట్టి మార్చురీకి చేర్చిన చేతులు ఎక్కువగా వాళ్లవే. బంధువులు తిరగబడితే మొదటి దెబ్బ తినేది గేటు దగ్గర గార్డు. సిబ్బంది సంక్షేమం కోసం వేసే కమిటీ డాక్టర్లతో మొదలై స్టాఫ్ నర్సుల దగ్గర ఆగిపోతే, ఎక్కువ చూసినవాళ్లే బయట మిగులుతారు. పైగా మన సమాజంలో పని మెట్లకు కులం మెట్లు కూడా కలిసి ఉంటాయి. పారిశుధ్య కార్మికురాలు డాక్టరమ్మ ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడటమే జరగని చోట, ఆమెకు ఆసరా డాక్టరమ్మ అంటే అది కాగితం మీద ఆసరా. ఆమె వరసలోని మనిషికే శిక్షణ ఇవ్వాలి. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సులు ఎందరో. ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉంటారు. వాళ్లకు వాళ్ల భాషలో వినే మనిషి బృందంలో ఉండాలి.

ఆసుపత్రి గోడల బయట ఉన్నవాళ్లనూ మరవకూడదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవలో బండికి ఒక ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), ఒక పైలట్ (డ్రైవరు). రోడ్డు మీద నెత్తుటి ముద్దగా ఉన్న మనిషిని ఎత్తుకొచ్చి, ఆసుపత్రిలో దింపి, బండి కడిగి మరో కాల్‌కు బయల్దేరతారు. ఆ మనిషి బతికాడో లేదో చాలాసార్లు తెలియదు. ఇద్దరే ఉంటారు కాబట్టి ఇద్దరికీ ఒకే గాయం. వాళ్లకు ఆసరా అంటే ఇంకో బండి పైలట్, జిల్లా కేంద్రంలో ఒక పాత ఈఎంటీ, వారానికి ఒక ఫోన్. ఖర్చు పెద్దగా ఉండదు.

రహస్యం గురించి మన చట్టం వైపు నుంచి చెప్పాల్సిన మాట ఒకటుంది. మన సాక్ష్య చట్టం లాయరుకూ క్లయింటుకూ మధ్య మాటలకు రక్షణ ఇస్తుంది, భార్యాభర్తల మధ్య మాటలకు ఇస్తుంది. తోటి ఉద్యోగితో చెప్పుకున్న మాటలకు అలాంటి రక్షణ లేదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం వైద్యంలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే డాక్టరుకు రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసు నడిచే అవకాశం ఉన్నప్పుడు సంఘటన వివరాలు లాయరుతోనే చెప్పుకోవాలి. ఆసరా సభ్యుడు మొదటి నిమిషంలోనే ఆ మాట చెప్పేయాలి: "ఏం జరిగిందో నాకు చెప్పక్కర్లేదు, నువ్వెలా ఉన్నావో చెప్పు చాలు." కాగితం రాయకపోవడం, పేర్లు పెట్టుకోకపోవడం కూడా ఇందుకే. మినహాయింపు ఒక్కటే, ప్రాణాపాయం. ఆ మనిషికి గానీ రోగులకు గానీ వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే చెప్పవలసినవాళ్లకు చెప్పక తప్పదు. ఆ సంగతి కూడా ముందే చెప్పాలి.

చెప్పుకుంటే ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనన్న భయం ఒక్క మన దేశానిది కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు డాక్టరు లైసెన్సు దరఖాస్తులో ఎప్పుడైనా మానసిక చికిత్స తీసుకున్నావా అని అడిగేవి. అక్కడ ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టర్లకు ఆ ప్రశ్న బాగా తెలుసు. న్యూయార్క్‌లో కొవిడ్ తొలి విడతలో పనిచేసిన ఎమర్జెన్సీ డాక్టరు లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకుంది. చికిత్స సంగతి తెలిస్తే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడిందని కుటుంబం చెప్పింది. 2022 మార్చిలో ఆమె పేరుతో చట్టం వచ్చింది. ఆరోగ్య సిబ్బంది మానసిక ఆరోగ్య కార్యక్రమాలకు, అందులో తోటివారి ఆసరాకు కూడా, కేంద్ర నిధులు ఇచ్చే చట్టం అది. లైసెన్సు ప్రశ్నను మార్చుకున్న రాష్ట్రాల సంఖ్య కూడా తర్వాత పెరిగింది.

ఇన్ని చెప్పి, చాంగ్షా నర్సుల మాట పక్కనపెడితే మోసం చేసినట్టవుతుంది. మన దేశంలో రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే రెసిడెన్సీ పథకంలో రాసింది. 2024లో వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. 32 ఏళ్ల తర్వాత హద్దు తగ్గకపోగా పెరిగింది, అంటే మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. భారత నర్సింగ్ మండలి ప్రమాణం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు. రాత్రి డ్యూటీలో ఏ మెడికల్ వార్డుకైనా వెళ్లి లెక్కపెట్టండి. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి జూనియర్ డాక్టర్లు తమలో ఒకరి మీద జరిగిన దాడికి నిరసనగా రోడ్డెక్కారు. అప్పుడు వాళ్లు అడిగింది కౌన్సెలింగ్ కాదు, భద్రత, మనుషులు. నర్సుల కొరతను అలాగే ఉంచి, ఉన్న నర్సులనే ఒకరినొకరు ఓదార్చుకోమనడం న్యాయం కాదు. ఆసరా బృందానికి శిక్షణ ఇచ్చే సూపరింటెండెంటు అదే నెలలో డ్యూటీ రోస్టర్ కూడా చూడాలి. ఆసరా సభ్యులు మాట్లాడే గంటను డ్యూటీ గంటగానే లెక్కపెట్టాలి. లేకపోతే మంచితనం ఎక్కువున్న నలుగురు నర్సుల మీద ఇంకో డ్యూటీ పడుతుంది, అంతే.

మొదలుపెట్టదలచినవాళ్లకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఎవరితో చెప్పుకుంటారని ప్రతి విభాగంలో రహస్యంగా అడిగితే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. హోదా ఉన్న పేర్లు కావవి. ఆ మనుషులకే శిక్షణ ఇవ్వాలి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, అడిగితే నేర్పుతుంది. యాభై పడకల ఆసుపత్రికి సొంత బృందం కష్టం, అందరూ అందరికీ తెలిసినవాళ్లే కాబట్టి రహస్యమూ నిలవదు. ఊళ్లోని నాలుగైదు ఆసుపత్రులు కలిసి ఒక బృందం పెట్టుకుంటే ఒక ఆసుపత్రి నర్సు ఇంకో ఆసుపత్రి నర్సుతో మాట్లాడుతుంది. పిలుపు కోసం ఎదురుచూడకుండా, ఐసీయూలో మరణమో వార్డులో గొడవో జరిగిన ప్రతిసారీ మర్నాడు ఎవరో ఒకరు వెళ్లి పలకరించడం పద్ధతిగా పెట్టుకోవాలి. అందరినీ పలకరిస్తారు కాబట్టి పలకరింపు అందుకున్న మనిషి మీద ముద్ర పడదు.

హాప్కిన్స్ అంతటి చోట కూడా మొదట్లో రైజ్‌కు వచ్చింది నెలకు ఒక్క పిలుపు. నాలుగేళ్లలో అది నెలకు నాలుగయింది. మన దగ్గరైతే తొలి ఆరు నెలల్లో ఒక్కటీ రాకపోవచ్చు. ఎవరూ రావడం లేదు కదా అని మూసేయాలనిపించే సమయం అదే, మూసేయకూడని సమయమూ అదే. సిబ్బంది అప్పుడు గమనిస్తున్నది ఒక్కటే, మొదట వెళ్లే మనిషి సంగతి క్యాంటీన్ దాకా వస్తుందా లేదా అని. ఏడాది చివర సూపరింటెండెంటు టేబుల్ మీదికి వెళ్లే కాగితంలో ఎన్ని పిలుపులొచ్చాయన్న అంకె ఒక్కటే ఉండాలి. పేరు, వార్డు, తేదీ ఉండకూడదు. ఆయన అడిగినా ఇవ్వకూడదు. అడగనని ఆయన మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టించాలి.